క్వాసార్ జెట్ వెలుగును రేడియో నుంచి గామా దాకా చదవడం ఎలా: నల్లగొండ డాబా మీది నుంచి

మూడేళ్ల కింద ఒక ఎక్స్ కిరణాల ఫొటోలో పొడుగాటి గీత కనబడితే, క్వాసార్ జెట్ దొరికిందని రాత్రి ఒంటిగంట దాకా సంబరపడ్డాను. పొద్దున డిగ్రీ పిల్లలకు చూపిస్తే ఒకమ్మాయి అడిగింది: "సార్, జెట్ ఒకవైపే ఉంటదన్నారు కదా, ఇది రెండువైపులా ఫొటో అంచు దాకా పోయిందేంది?" అది కెమెరా వేసిన చార. అసలు జెట్ కింద కుడిపక్కన చిన్న తోకలా ఉంది. దాన్ని నేను చూడనే లేదు.

ఆ తర్వాత ఇంకో నాలుగైదు పొరపాట్లు చేశాను. అవి మీరు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, దేవరకొండలోనో ఉండి ఒక ల్యాప్‌టాప్, మామూలు నెట్ కనెక్షన్‌తో ఈ పని చేయొచ్చు. టెలిస్కోప్ ఉంటే మంచిదే, లేకపోతే పని ఆగదు. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుండి, లాగరిథమ్ లెక్క వస్తే చాలు. ఒక్క సీజన్ ఓపిక మాత్రం కావాలి.

క్వాసార్ అంటే ఏమిటో రెండు మాటల్లో. ఒక గెలాక్సీ నడుమ కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం, దాని చుట్టూ వేడెక్కి తిరిగే వాయువుల పళ్లెం. కొన్ని క్వాసార్లలో ఆ పళ్లెం పైకీ కిందికీ దాదాపు కాంతి వేగంతో ప్లాస్మా ధార చిమ్ముతుంది. అదే జెట్. రెండువైపులా చిమ్మినా, మన వైపు వచ్చే ధారే ప్రకాశంగా కనబడుతుంది, అందుకే ఫొటోలో జెట్ ఒకవైపే ఉంటుంది. అందులోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రం చుట్టూ మెలికలు తిరుగుతూ వెలుగునిస్తాయి. దీన్ని సింక్రోట్రాన్ వెలుగు అంటారు. అవే ఎలక్ట్రాన్లు దారిలో తగిలిన కాంతి కణాలను గుద్ది వాటి శక్తిని పెంచి పంపిస్తాయి. ఇది ఇన్వర్స్ కాంప్టన్. సింక్రోట్రాన్ వెలుగు వరకైతే, తక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు రేడియోలో, ఎక్కువ శక్తి ఉన్నవి మామూలు కాంతిలో, ఎక్స్ కిరణాల్లో కనబడతాయి. అంటే రేడియో ఫొటోలో చూసే జెట్, ఎక్స్ కిరణాల ఫొటోలో చూసే జెట్ ఒకే ధార అయినా, వెలిగే ఎలక్ట్రాన్లు వేరు.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలో నిలువు నీడ పగలంతా కదలదు. చూస్తే ఒక్క స్తంభం నీడే అనిపిస్తుంది. కాని అది నేరుగా పడే ఎండ వేసిన నీడ కాదు, ముందున్న స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికి వచ్చే వెలుతురు కలిసి వేసిన నీడ. క్వాసార్‌తో కూడా ఇదే చిక్కు. ఒకే చుక్క కనబడుతుంది, వెలుగు మాత్రం నాలుగైదు చోట్ల నుంచి వచ్చి కలిసి ఉంటుంది. ఏది ఎక్కడిదో విడదీయడమే మన పని.

ముందు రెండే పేర్లు రాసుకోండి

క్వాసార్లు లక్షల్లో ఉన్నాయి. మొదటి ఏడాది రెండు చాలు: 3సి 273, 3సి 279. రెండూ కన్యా రాశిలోనే ఉన్నాయి. రెండోది చిత్త నక్షత్రానికీ మొదటిదానికీ దాదాపు నడుమ ఉంటుంది.

3సి 273 అన్నిటికంటే ముందు గుర్తుపట్టిన క్వాసార్. 1963లో మార్టెన్ ష్మిట్ దాని వర్ణపటంలో హైడ్రోజన్ గీతలు దాదాపు 16 శాతం ఎరుపు వైపు జరిగాయని పట్టుకున్నాడు (ఈ జరుగుడునే రెడ్‌షిఫ్ట్ అంటారు). 4861 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉండాల్సిన గీత 5630 దగ్గర ఉందన్న మాట. చుక్కలా కనబడుతున్నది సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని అప్పుడు తెలిసింది. పక్కన సన్నటి జెట్ ఉందని కూడా ఆయన అప్పుడే రాశాడు. ఈ జెట్ రేడియోలో, మామూలు కాంతిలో, ఎక్స్ కిరణాల్లో విడిగా కనబడుతుంది. ఆకాశంలో క్వాసార్ నడిబొడ్డు నుంచి 22 ఆర్క్‌సెకన్ల దాకా పొడుగు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). అంత దూరంలో ఒక్క ఆర్క్‌సెకను దాదాపు 8,800 కాంతి సంవత్సరాలు కాబట్టి, మనకు కనబడే పొడవే సుమారు 2 లక్షల కాంతి సంవత్సరాలు.

3సి 279 జెట్ దాదాపు మన ముఖం మీదికే వస్తోంది. ఇలాంటి వాటిని బ్లాజార్లు అంటారు. దాని జెట్ పొడవు బాగా కనబడదు. కాని వెలుగు రోజురోజుకూ మారుతుంది, కొన్నిసార్లు గంటగంటకూ.

కాబట్టి చోటు చదవడానికి 273, కాలం చదవడానికి 279. ఓజే 287, 3సి 454.3 లాంటి పేర్లు చదివితే మనసు లాగుతుంది, నాకూ లాగింది. వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

ఏ కన్ను ఎంత సన్నగా చూస్తుందో తెలుసుకోండి

డేటా దింపుకునే ముందు ఒక పేజీ నిండా ఇది రాయండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, తర్వాత తప్పులన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

మన పుణె దగ్గర ఖోడద్‌లోని రేడియో టెలిస్కోప్ జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. 150 మెగాహెర్ట్జ్ దగ్గర అది చేసిన ఆకాశ సర్వే, టీజీఎస్‌ఎస్, ఫొటోలు అందరికీ ఉచితం. దాని చూపు, అంటే అది విడదీసి చూపగల అతి చిన్న వెడల్పు, 25 ఆర్క్‌సెకన్లు. 22 ఆర్క్‌సెకన్ల జెట్టు అందులో విడిపోదు, మొత్తం ఒకే మచ్చ. అమెరికాలోని వీఎల్‌ఏ రేడియో టెలిస్కోప్ చేస్తున్న 3 గిగాహెర్ట్జ్ సర్వే చూపు 2.5 ఆర్క్‌సెకన్లు, అందులో విడిపోతుంది. హబుల్ చూపు 0.1 ఆర్క్‌సెకను దగ్గర, చంద్రా ఎక్స్ కిరణాల టెలిస్కోప్ చూపు అర ఆర్క్‌సెకను. 1999 జులైలో ఎగిరిన ఈ చంద్రాకు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే పెట్టారు.

ఇక ఫెర్మి. 2008 జూన్ 11న పంపిన ఈ గామా టెలిస్కోప్ సుమారు 3 గంటలకోసారి ఆకాశమంతా చుట్టి వస్తుంది. దాని చూపు 1 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర దాదాపు 0.8 డిగ్రీ. నిండు చందమామ అర డిగ్రీ. అంటే జెట్ సంగతి పక్కన పెట్టండి, గెలాక్సీ మొత్తం అందులో ఒక మసక చుక్కలో మునిగిపోతుంది. గామా కిరణాలు జెట్‌లో ఏ చోటు నుంచి వచ్చాయో ఫొటో చెప్పదు. వెలుగు ఎంత తొందరగా మారింది అన్నదే చెప్పాలి. దానికి తర్వాత వద్దాం.

ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చడం

ఇది అసలైన పని, దీనికి రెండు మూడు ఆదివారాలు పెట్టండి.

డీఎస్9 అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. 3సి 273 కోసం మూడు ఫిట్స్ ఫైళ్లు (టెలిస్కోప్ ఫొటోలు దాచే ఫైలు రకం) దింపండి: వీఎల్‌ఏది, హబుల్‌ది, చంద్రాది. చంద్రా తన పరికరాలు సరిచూసుకోవడానికి ఈ క్వాసార్‌నే పదే పదే చూస్తుంది కాబట్టి ఫైళ్లకు కొదువ లేదు. మూడింటినీ మూడు ఫ్రేముల్లో తెరిచి, ఆకాశ అక్షాంశ రేఖాంశాల ప్రకారం జత కలపమని చెప్పండి. స్కేలు లాగ్‌లో పెట్టండి. మామూలు స్కేల్లో పెడితే నడిబొడ్డు కళ్లు జిగేలుమనిపిస్తుంది, జెట్ మాయమవుతుంది.

జత కలిపినా నడిబొడ్లు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడకపోవచ్చు. ఒక్కో టెలిస్కోప్ గురిలో కాస్త తేడా ఉంటుంది. నడిబొడ్డును ఆధారం చేసుకుని చేత్తో జరిపి సరిచేయండి. జెట్‌ను జెట్‌తో కలిపి సరిచేయొద్దు. అలా చేస్తే మీరు కనిపెట్టాల్సిన తేడాను మీరే చెరిపేసినట్టు.

ఇప్పుడు నన్ను మోసం చేసిన చార సంగతి. చంద్రా కెమెరా చిప్‌లోంచి లెక్క బయటికి తీసేటప్పుడు, బాగా వెలిగే చుక్క నుంచి ఆ వరుస పొడవునా ఒక గీత పడుతుంది. దీన్ని గుర్తుపట్టడానికి రెండు గుర్తులు. ఒకటి, అది నడిబొడ్డుకు రెండువైపులా చిప్ అంచు దాకా పోతుంది. రెండోది, వేరే తేదీన తీసిన ఇంకో ఫైలు తెరిస్తే గీత దిక్కు మారుతుంది, ఎందుకంటే అప్పటికి టెలిస్కోప్ వేరే వాటంగా తిరిగి ఉంటుంది. జెట్ మాత్రం ఎప్పుడు తీసినా నైరుతి వైపే ఉంటుంది. హబుల్ ఫొటోల్లో ప్రకాశమైన చుక్కల చుట్టూ వచ్చే ముళ్లకు కూడా ఇదే పరీక్ష.

తర్వాత అన్నిటికంటే మసక చూపున్న ఫొటో ఏదో చూసి, మిగతా రెండింటినీ అంత మసకగా మార్చండి. డీఎస్9లో దీనికి స్మూత్ అనే ఆప్షన్ ఉంది. హబుల్‌లో అంత అందంగా కనబడే ముడులను (జెట్ వెంట అక్కడక్కడా బాగా వెలిగే ముద్దలను) చేతులారా మసక చేయడానికి ప్రాణం ఒప్పదు. అయినా చేయాలి. సన్న జల్లెడతో పట్టిన పిండినీ, ముతక జల్లెడతో పట్టిన పిండినీ పక్కపక్కన పెట్టి ఏది మెత్తగా ఉందని అడగలేం.

చివరికి నడిబొడ్డు నుంచి జెట్ కొస దాకా ఒక పొడుగాటి డబ్బా గీసి, దాని వెంట వెలుగు ఎలా పెరిగి తగ్గిందో గ్రాఫ్ తీయండి. మూడు గ్రాఫులు ఒకే కాగితం మీద వేస్తే మీకే ఆశ్చర్యం కలుగుతుంది. మామూలు కాంతిలో జెట్ 12 ఆర్క్‌సెకన్ల దగ్గర మొదలై 22 దాకా ముడులు ముడులుగా ఉంటుంది. ఎక్స్ కిరణాల్లో అన్నిటికంటే బాగా వెలిగేది దగ్గరున్న మొదటి ముడి. రేడియోలో ఆ మొదటి ముడి నీరసంగా ఉండి, కొసకు పోయేకొద్దీ వెలుగు పెరుగుతుంది. ఒకే జెట్, రెండు తలకిందుల కథలు.

ఎందుకలా? ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ తొందరగా అలసిపోతుంది. ఎక్స్ కిరణాలు సింక్రోట్రాన్‌వే అయితే, వాటినిచ్చే ఎలక్ట్రాన్ కొన్ని ఏళ్ల నుంచి కొన్ని పదుల ఏళ్లలోనే చల్లబడుతుంది. జెట్టేమో లక్షల కాంతి సంవత్సరాలు. నడిబొడ్డులో బయలుదేరిన ఎలక్ట్రాన్ అంత దూరం వెలుగుతూ రాలేదు. కాబట్టి దారిలో ముడి ముడి దగ్గరా దాన్ని మళ్లీ తోసే ఏర్పాటు ఏదో ఉండాలి.

దీనికి ఒప్పుకోకుండా 2000 ప్రాంతంలో ఇంకో వివరణ బలంగా నడిచింది. 1999 ఆగస్టులో చంద్రా తన ఫోకస్ సరిచూసుకోవడానికి పీకేఎస్ 0637-752 అనే క్వాసార్ వైపు చూస్తే, ఎవరూ ఊహించని ఎక్స్ కిరణాల జెట్ బయటపడింది. అది మరీ దక్షిణాన ఉంది, మన నల్లగొండ నుంచి ఎన్నడూ ఉదయించదు. ఆ జెట్ అంత వెలగడానికి కారణం, ఎలక్ట్రాన్లు విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ నేపథ్య కాంతిని గుద్ది ఎక్స్ కిరణాలుగా మార్చడమే అన్నారు. అదే నిజమైతే అవే ఎలక్ట్రాన్లు గామా కిరణాలను కూడా ఇవ్వాలి, అవి ఎన్నటికీ మారకుండా నిలకడగా రావాలి. 2014లో 3సి 273 నెమ్మదిగా ఉన్న రోజుల ఫెర్మి లెక్కలన్నీ కలిపి చూస్తే, రావాల్సినంత గామా రాలేదు. ఈ జెట్ వరకు ఆ వివరణ పక్కకు పోయింది. ఎక్స్ కిరణాల ప్రశ్నకు జవాబు గామాలో, అదీ అక్కడ కనబడని వెలుగులో దొరికింది. చాలా వెలుగుల్లో చూడటం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ ముచ్చటే చెబుతాను.

అన్నీ ఒకే తూకంలోకి తేవడం

రేడియో వాళ్లు జాన్స్కీల్లో, మామూలు కాంతి వాళ్లు మాగ్నిట్యూడ్‌లలో (అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ), ఎక్స్ కిరణాల వాళ్లు ఎర్గుల్లో, గామా వాళ్లు సెకనుకు ఎన్ని ఫోటాన్లు అని రాస్తారు. ఒకరు సోలల్లో, ఒకరు కిలోల్లో, ఇంకొకరు బస్తాల్లో వడ్లు కొలిచినట్టు. అన్నిటినీ ఫ్రీక్వెన్సీ ఇంటూ ఫ్లక్స్ అనే ఒకే తూకంలోకి మార్చండి.

ఒక లెక్క చేసి చూపిస్తా. 3సి 273 రేడియోలో 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 50 జాన్స్కీలు. ఒక జాన్స్కీ అంటే 10⁻²³ ఎర్గులు, సెకనుకు, చదరపు సెంటీమీటరుకు, హెర్ట్జ్‌కు. 50ని 10⁻²³తో, 1.4×10⁹తో గుణిస్తే 7×10⁻¹³. ఇప్పుడు మామూలు కాంతి. దాని మాగ్నిట్యూడ్ సుమారు 12.9. సున్నా మాగ్నిట్యూడ్‌కు 3640 జాన్స్కీలు కాబట్టి, 3640ని 10 పవర్ మైనస్ 5.16తో గుణిస్తే 0.025 జాన్స్కీ వస్తుంది. దాన్ని 5.5×10¹⁴ హెర్ట్జ్‌తో గుణిస్తే 1.4×10⁻¹⁰.

జాన్స్కీల్లో చూస్తే రేడియో 2000 రెట్లు పెద్దది. శక్తిలో చూస్తే మామూలు కాంతి 200 రెట్లు పెద్దది. తూకం మార్చకుండా మాట్లాడితే ఎంత దారి తప్పుతామో చూడండి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ 12.9లో ఎక్కువ భాగం జెట్ వెలుగు కాదు, కృష్ణబిలం చుట్టూ తిరిగే వేడి పళ్లెం వెలుగు. 3సి 273లో నీలం, అతినీలలోహితం వైపు పెద్ద గుట్టలా కనబడేది అదే. జెట్ వెలుగుకు ధ్రువణం ఎక్కువ, పళ్లెం వెలుగుకు తక్కువ. అనుమానం వస్తే ధ్రువణం కొలిచిన లెక్కలు వెతకండి.

ఎక్స్ కిరణాలకూ గామాకూ ఈ రెండు అంకెలు గోడ మీద రాసుకోండి: 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే 2.42×10¹⁷ హెర్ట్జ్, 1 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే 2.42×10²³ హెర్ట్జ్. బిందువులన్నీ లాగ్ గ్రాఫ్ మీద పెడితే 3సి 279కు ఒంటె వీపులా రెండు మూపురాలు వస్తాయి. మొదటిది సింక్రోట్రాన్, రెండోది ఎక్కువమంది ఒప్పుకునే ప్రకారం ఇన్వర్స్ కాంప్టన్. పెద్దగా వెలిగిన రోజుల్లో రెండోదే ఎత్తుగా ఉంటుంది.

రేడియోలో ఇంకో చిన్న లెక్క కూడా చేయండి, వాలు లెక్క. ఒక ముడి 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర 10 జాన్స్కీలు, 5 గిగాహెర్ట్జ్ దగ్గర 4 జాన్స్కీలు ఉందనుకోండి. 2.5 లాగ్‌ను 3.57 లాగ్‌తో భాగిస్తే 0.72. జెట్ ముడుల్లో ఇలా 0.7, 0.8 వస్తాయి. నడిబొడ్డులో సున్నా చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఎలక్ట్రాన్లు తమ రేడియో వెలుగును తామే మింగేసుకుంటాయి.

తేదీ లేని బిందువును నమ్మొద్దు

నెడ్ అనే గెలాక్సీల డేటాబేస్ తెరిచి 3సి 279 అని కొడితే వందల బిందువులతో గ్రాఫ్ సిద్ధంగా వస్తుంది. నేను మొదటిసారి దాన్ని అట్లాగే తీసుకుని, అందులో మూడో మూపురం ఉందని వారం రోజులు నమ్మాను. అవి పదుల ఏళ్ల తేడాతో కొలిచిన బిందువులు. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర నిట్టనిలువుగా బిందువులు పేరుకుంటే అది కొలతలో తప్పు కాదు, ఆ క్వాసార్ అంతగా మారిందన్న మాట. పెళ్లిలో ఒకరిని, ముసలితనంలో ఇంకొకరిని ఫొటో తీసి, ఇద్దరిలో ఎవరు పొడుగని చూడటం లాంటిదే ఈ పని.

అందుకే ప్రతి బిందువు పక్కన తేదీ రాయండి. తేదీ దొరకకపోతే ఆ బిందువు వదిలేయండి. తేదీని జూలియన్ డేట్‌లో (నెలలు, ఏళ్లు లేకుండా రోజులను ఒకే వరుసలో లెక్కపెట్టే నంబరులో) రాయడం అలవాటు చేసుకోండి. అది గ్రీనిచ్ మధ్యాహ్నం మారుతుంది, అంటే మనకు సాయంత్రం 5:30కు. ఇది మనకు కలిసొచ్చిన సంగతి: పొద్దుగూకిన నుంచి తెల్లారేదాకా రాత్రంతా ఒకే నంబరు. మాడిఫైడ్ జూలియన్ డేట్ అయితే మనకు పొద్దున 5:30కు మారుతుంది. రెంటినీ కలగలిపితే అర రోజు తేడా వస్తుంది, బ్లాజార్ల విషయంలో అర రోజు చిన్నది కాదు.

గామా లెక్కలకు ఫెర్మి వాళ్ల లైట్‌కర్వ్ (కాలంతో వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్) భాండారం ఉంది. 3 రోజులకు, వారానికి, నెలకు ఒక బిందువు చొప్పున చూపిస్తుంది. మొదట వారం గ్రాఫ్ తీసుకోండి. ప్రతి బిందువుకు టీఎస్ అని, అది ఎంత నమ్మదగిందో చెప్పే ఒక అంకె ఉంటుంది. 25 దాటితే ధైర్యంగా వాడుకోండి, 4 కంటే తక్కువైతే అది కొలత కాదు, 'ఇంతకంటే ఎక్కువ లేదు' అనే హద్దు మాత్రమే. హద్దులను బిందువుల్లా కలిపి గీత గీయకండి. ఎక్స్ కిరణాలకు స్విఫ్ట్ ఉపగ్రహం లెక్కలు, మామూలు కాంతికి ఆసాస్‌ఎస్‌ఎన్ సర్వే లెక్కలు ఉచితంగా వస్తాయి. 2015 సెప్టెంబర్ 28న మన ఇస్రో పంపిన ఆస్ట్రోశాట్ చూసిన బ్లాజార్ల ఫైళ్లు కూడా రిజిస్టర్ చేసుకుంటే దొరుకుతాయి, అయితే వాటిని విప్పడం కొత్తవాళ్లకు కష్టం.

మూడు గ్రాఫులు ఒకదాని కింద ఒకటి, కింద తేదీలు ఒకే వరుసలో ఉండేట్టు అతికించండి. గామా లేచినప్పుడు మామూలు కాంతి కూడా లేచిందా, రేడియో ఎన్ని వారాల తర్వాత లేచింది అని చూడండి. రేడియో చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. మొదలు దగ్గర ధార రేడియోకు అడ్డుగోడలా ఉంటుంది, వెలిగిన ముద్ద ధార వెంట ముందుకు జారి పలచబడ్డాకే రేడియో బయటికి వస్తుంది. ఒక్కసారి కలిసి లేచాయని సంబంధం ఉందనకండి. కనీసం మూడు నాలుగు సార్లు చూడండి.

మారిన వేగం నుంచి చోటు సైజు తెలుస్తుంది. ఒక దీపం వెలుగు ఒక్క రోజులో రెట్టింపైతే, ఆ దీపం కాంతి ఒక్క రోజులో పోయే దూరం కంటే పెద్దది కాలేదు. జెట్ మన వైపే వస్తోంది కాబట్టి డాప్లర్ గుణకంతో (ఆ వేగం వల్ల మనకు కాలం ఎన్ని రెట్లు కుదించినట్టు కనబడుతుందో చెప్పే అంకెతో) గుణించి, ఒకటి ప్లస్ రెడ్‌షిఫ్ట్‌తో భాగించాలి. గుణకం 10, 3సి 279 రెడ్‌షిఫ్ట్ 0.536 అనుకుంటే, సుమారు 17,000 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి నుంచి నెప్ట్యూన్ దూరానికి ముప్పై ఏడు రెట్లు, అంతే. 2015 జూన్‌లో ఈ క్వాసార్ గామా వెలుగు 5 నిమిషాల లోపే రెట్టింపైంది. ఆ సైజు మీరే లెక్క కట్టండి. ఫెర్మి ఫొటోలో కనబడని చోటును గడియారంతో కొలవడం అంటే ఇదే.

కాంతిని మించినట్టు కనబడే ముడులు

మోజావే అనే ప్రాజెక్టు 15 గిగాహెర్ట్జ్ దగ్గర జెట్‌ల మొదళ్లను ఏళ్లుగా ఫొటో తీస్తోంది. అందులో 3సి 273 ముడుల కదలిక కొలవండి. ఒక ముడి ఏడాదికి 1 మిల్లీ ఆర్క్‌సెకను జరిగితే అది 8.8 కాంతి సంవత్సరాలు, రెడ్‌షిఫ్ట్ సవరణ కలిపితే కాంతికి పది రెట్ల వేగం. మా పిల్లలు ఇక్కడ ప్రతిసారీ ఆగిపోతారు. నేను వాళ్లకు మిర్యాలగూడ రోడ్డు చూపిస్తాను.

ఒకాయన వేములపల్లి నుంచి నల్లగొండకు బైకు మీద 58 వేగంతో వస్తున్నాడు. వేములపల్లిలో ఒక చీటీ, తిప్పర్తిలో ఇంకో చీటీ రాసి బస్సుకిచ్చి పంపాడు. బస్సు వేగం 60. వేములపల్లి మనకు 30 కిలోమీటర్లు, తిప్పర్తి 10 అనుకుందాం. మొదటి చీటీ 30 నిమిషాలకు అందుతుంది. ఆయన తిప్పర్తి చేరడానికి 20.7 నిమిషాలు, అక్కడి నుంచి చీటీకి ఇంకో 10. అంటే రెండో చీటీ 30.7కు వస్తుంది. చీటీలు మాత్రమే చూసేవాడికి ఆయన 20 కిలోమీటర్లు నలభై సెకన్లలో దాటినట్టే. బస్సు కాంతి, బైకు జెట్ ముడి. నిజంగా వేగం 0.99, మన చూపుకు కోణం 8 డిగ్రీలు అయితే పక్కకు కదిలే వేగం 7 రెట్లుగా కనబడుతుంది. సూత్రం ఏ పుస్తకంలోనైనా ఉంటుంది, ఒకసారి చేత్తో చేయండి.

డాబా మీద మీ సొంత బిందువు

8 అంగుళాల టెలిస్కోప్, దానికి ఒక కెమెరా ఉంటే గ్రాఫ్ మీద మీ సొంత బిందువు పెట్టొచ్చు. జెట్ కనబడదు, ఆ ఆశ వద్దు. క్వాసార్ మొత్తం వెలుగు ఒక చుక్కగా కొలుస్తారు.

నల్లగొండ నుంచి 3సి 273 దక్షిణాన 75 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, దాదాపు నడినెత్తికి. మార్చి ఆఖరులో అర్ధరాత్రి, మే మొదట్లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో అక్కడ ఉంటుంది. గామా వర్జినిస్ నక్షత్రానికి ఐదు డిగ్రీల లోపు వాయవ్యంగా వెతకండి. ఏప్రిల్‌లో యాసంగి కోతలు, హార్వెస్టర్ల దుమ్ము, గడ్డి కాల్చిన పొగ కమ్ముతాయి. నాకు ఫిబ్రవరి, మార్చి రాత్రులే అచ్చొచ్చాయి. అమ్రాబాద్ అడవి వైపు చీకటి బ్రహ్మాండంగా ఉంటుంది గాని రాత్రిపూట అడవి రోడ్డు మూసేస్తారు, అచ్చంపేట వైపు తెలిసినవాళ్ల పొలమే నయం. ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు వైపు ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల రంగాపూర్ అబ్జర్వేటరీ ఉంది. 48 అంగుళాల టెలిస్కోప్ అక్కడ పెట్టారంటే ఈ ఆకాశం ఒకప్పుడు ఎంత బాగుండేదో అనుకోండి. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం అక్కడి నుంచే చూశారు. మా ఇంట్లోవాళ్లు మాత్రం ఆ రోజు తలుపులు బిగించుకుని కూర్చున్నారట.

వీ ఫిల్టర్ (ఆకుపచ్చ-పసుపు వెలుగును మాత్రమే పంపేది) పెట్టి, ఒక్కోటి నిమిషం చొప్పున పదిహేను ఫొటోలు తీయండి. కెమెరా సొంత మచ్చలు తీసేయడానికి మూత పెట్టి డార్క్ ఫొటోలు, వెలుగు అన్నిచోట్లా సమానంగా పడని తేడా సరిచేయడానికి సంజె వెలుతురులో గొట్టం మూతికి తెల్ల పంచె బిగువుగా కట్టి ఫ్లాట్ ఫొటోలు తీయండి. పంచె ముడత పడితే ఆ ముడత మీ క్వాసార్ వెలుగులో దూరుతుంది. వేరియబుల్ నక్షత్రాల అమెరికా సంఘం, ఆవ్సో, ఇచ్చే చార్టులో పోల్చదగిన నక్షత్రాలు మాగ్నిట్యూడ్‌లతో సహా ఉంటాయి. ఆస్ట్రోఇమేజ్‌జే అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కొలవండి. కొలతలో తేడా 0.03 మాగ్నిట్యూడ్ లోపు వస్తే మంచి పనే. అబ్జర్వర్ కోడ్ ఉచితంగా తీసుకుని, జూలియన్ డేట్, మాగ్నిట్యూడ్, ఎర్రర్, ఫిల్టర్, పోల్చిన నక్షత్రం పేరు రాసి పంపండి. పంపే ముందు అదే రాత్రి ఇంకెవరైనా కొలిచారేమో చూడండి. మీదీ వాళ్లదీ 0.1 తేడా ఉంటే ముందు మీ పంచెను అనుమానించండి.

జూన్‌లో మబ్బులు పట్టాక డాబా పని బంద్. ఫెర్మికి వానాకాలం లేదు కాబట్టి 3సి 279 వారం గ్రాఫ్ మాత్రం సాగదీస్తూ ఉండండి. ఒక్క జాగ్రత్త: ఏటా అక్టోబర్ 8 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఆ క్వాసార్ ముందు నుంచి పోతాడు. సూర్యుడు కూడా గామా కిరణాలిస్తాడు. ఆ వారం బిందువు లేచినట్టు కనబడితే, సంబరపడకుండా దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన సూర్యుడి బొమ్మ వేయండి.